బీరువాలో టెలిస్కోపు

పాఠశాలలకు కొనే సైన్సు సామగ్రిలో టెలిస్కోపులు మళ్ళీ ఉంటాయన్న మాట వినిపిస్తోంది. పిల్లలకు మంచిదే. అయితే ఇంతకుముందు కొన్నవి ఏ స్థితిలో ఉన్నాయో చెప్పకుండా కొత్తవాటి మీద ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టకూడదన్నది మా నిశ్చితాభిప్రాయం.

కోనసీమలోని ఓ ఉన్నత పాఠశాలలో ఐదంగుళాల అద్దమున్న టెలిస్కోపు ఉంది. స్టాకు రిజిస్టరులో దాని పేరు, ధర, వచ్చిన తేదీ పదిలంగా ఉన్నాయి. గొట్టం మూత తీసి టార్చి వేస్తే మాత్రం అడుగున ఉన్న అద్దం మీద సాలెగూడు లాంటి తెల్లటి పోగులు కనిపిస్తాయి. అది దుమ్ము కాదు, బూజు. అంచుల వెంట అల్యూమినియం పూత చుక్కలు చుక్కలుగా లేచిపోయి వెనక గాజు బయటపడింది. గొట్టం మూతి దగ్గరుండే చిన్న అద్దాన్ని సరిచేసే మూడు స్క్రూల్లో ఒకటి తుప్పు పట్టి బిగుసుకుపోయింది. కంటి దగ్గర పెట్టుకునే 10 మిల్లీమీటర్ల ఐపీసు ఇంకా ప్లాస్టిక్ కవరులోనే ఉంది, సీలు కూడా విప్పలేదు. అంటే దానితో ఎవరూ చంద్రుణ్ణయినా సరిగ్గా చూడలేదు. వాడి పాడుచేస్తే అర్థముంది, ఇది వాడకుండానే పాడైంది.

ఏటా ఆగస్టు 23న ఆ బీరువా తెరుచుకుంటుంది. చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగిన రోజు కదా, జాతీయ అంతరిక్ష దినోత్సవం. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, టెలిస్కోపుకు బొట్టు పెట్టి, పట్టపగలు పదకొండు గంటలకు పిల్లల్ని చుట్టూ నిలబెట్టి ఫొటో తీస్తారు. ఫొటో గ్రూపులోకి, టెలిస్కోపు బీరువాలోకి. చీకటి పడేవేళకు తాళం. ఆకాశాన్ని చూసే పరికరాన్ని ఏడాదికోసారి పగటిపూట ప్రదర్శనకు పెట్టి అంతరిక్ష విజ్ఞానం నేర్పామని నివేదిక రాసుకోవడం పిల్లల్ని మోసం చేయడమే.

చుట్టూ కాలువలు, వరిచేలు, చేపల చెరువులు, పక్కన సముద్రం ఉన్న మన డెల్టాలో అద్దం ఎందుకు చెడుతుందో ఎవరికైనా తెలియాలి. గాలిలో తేమ 70 శాతం దాటి చాలాకాలం అలాగే ఉంటే గాజు మీద బూజు మొలుస్తుంది. వేలిముద్రలోని జిడ్డు, గాలిలోని దుమ్ము దానికి తిండి. అది వదిలే ఆమ్లం పూతను తినేస్తుంది. ఆ పూత మందం మిల్లీమీటరులో సుమారు పదివేలవ వంతు. దానికి ఉప్పుగాలి తోడవుతుంది. ఇక మనుషులు చేసే తప్పులు రెండు. మంచు పట్టిన అద్దానికి తడి ఆరకుండానే మూత బిగించడం మొదటిది. మసకగా ఉందని జేబురుమాలుతో తుడవడం రెండోది. ఆ తుడుపుతో పడిన గీతలు ఇక పోవు.

దీనికి మందు ఖరీదైనదేం కాదు. ఐపీసులను రబ్బరు అంచున్న ప్లాస్టిక్ డబ్బాలో, తేమ పీల్చే సిలికాజెల్‌తో పెట్టాలి. గొట్టం రెండు వైపులా మూతలు వేసి, లోపల గుడ్డసంచిలో మరికొంత జెల్ ఉంచాలి. పక్కన తేమ కొలిచే చిన్న మీటరు పెట్టి, 40, 50 శాతం మధ్య ఉండేలా చూసుకోవాలి. నారింజ రంగు జెల్ ఆకుపచ్చగా మారితే 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఓవెన్‌లో వేడిచేస్తే మళ్ళీ పనికొస్తుంది, వంటపాత్రలో మాత్రం వద్దు. బీరువాను నీరు దిగే గోడకు ఆనించకూడదు. అద్దం మరీ మురికిపడితే ఊడదీసి, ధారగా పడే నీళ్ళలో కడిగి, చివర డిస్టిల్డ్ వాటర్ పోసి నిలబెట్టి ఆరబెట్టాలి. ఒక పేజీలో పట్టే ఈ సూచనలు తెలుగులో అచ్చువేసి పరికరంతో పాటు ఇచ్చినవాళ్ళు ఎవరు?

టెలిస్కోపు అంటేనే మరమ్మతు. 1990లో అంతరిక్షంలోకి వెళ్ళిన హబుల్ టెలిస్కోపు అద్దం అంచు దగ్గర మిల్లీమీటరులో ఐదువందలో వంతు తేడా వచ్చి బొమ్మలన్నీ మసకబారాయి. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్ళి ఆ లోపం సరిచేశారు. 2009 వరకు మొత్తం ఐదుసార్లు వెళ్ళి విడిభాగాలు మార్చారు, కాబట్టే అది అన్నేళ్ళు పనిచేసింది. భూమికి వందల కిలోమీటర్ల ఎత్తుకు ఎగిరివెళ్ళి స్క్రూ విప్పగలిగారు. మనం రెండో అంతస్తు బీరువా దాకా వెళ్ళలేకపోతున్నాం.

సముద్రపు గాలిని సాకుగా చూపేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబాన్ని దాటడాన్ని అంకితం వెంకట నరసింగరావు విశాఖపట్నంలోని వేధశాల నుంచి పరిశీలించారు. అదీ సముద్రం ఒడ్డే. అంతకు ఆరేళ్ళ ముందు, 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణానికి ఫ్రాన్సు నుంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు వచ్చారు, మద్రాసు నుంచి మరో శాస్త్రవేత్త పాగ్సన్ మచిలీపట్నం వచ్చారు. ఆ గ్రహణం నాటి పరిశీలనల్లో సూర్యుడి వెలుగును రంగులుగా విడదీసినప్పుడు కనిపించిన పసుపుపచ్చ గీత నుంచే హీలియం కథ మొదలైంది. ఆ నేల మీది పిల్లలకు ఇవాళ చంద్రుడి మీది గుంత చూపించే దిక్కు లేదు.

రాత్రిపూట పిల్లల్ని బడికి రప్పించడం కష్టమని, ఆడపిల్లల భద్రత చూడాలని అధికారులు అంటారు, అందులో నిజముంది. మరి రాత్రి పిల్లలుండే గురుకులాలకు, వసతి గృహాలకు ముందుగా ఎందుకివ్వరు? పైగా అర్ధరాత్రి దాకా కూర్చోనక్కర్లేదు. శుద్ధ సప్తమి, అష్టమి నాడు సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిది వరకు చాలు. పున్నమి నాడు వెలుగు సూటిగా పడి నీడలుండవు, చంద్రుడు తెల్లటి పళ్ళెంలా ఉంటాడు. అష్టమి నాడైతే వెలుగుచీకట్ల సరిహద్దులో ఒక్కో గుంత గట్టు నీడతో సహా కనిపిస్తుంది. 650 మిల్లీమీటర్ల నాభ్యంతరమున్న (అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి ఉన్న దూరం) గొట్టానికి 10 మిల్లీమీటర్ల ఐపీసు పెడితే 65 రెట్లు పెద్దగా కనిపిస్తుంది. గురుడి నాలుగు చంద్రులు, శని వలయాలు ఆ మాత్రానికే తెలుస్తాయి. చూసే ముందు గొట్టాన్ని అరగంట ఆరుబయట ఉంచాలి, లేకపోతే లోపలి వేడిగాలికి బొమ్మ అలలా కదులుతుంది. ముందువైపు సరైన ఫిల్టరు లేకుండా సూర్యుడి వైపు తిప్పనివ్వకూడదు. క్షణంలో కన్ను పోతుంది.

అసలు జబ్బు వేరే ఉంది. పరికరం పగిలితే జీతంలోంచి రికవరీ చేస్తారన్న భయం. బీకరు పగిలితే బ్రేకేజీ కింద రాసేస్తారు, టెలిస్కోపు అద్దానికి గీత పడితే సైన్సు మాస్టారు సంజాయిషీ ఇచ్చుకోవాలి. బీరువాలో బూజుపట్టి పోతే అడిగేవాడే లేడు! వాడినవాడికి శిక్ష, దాచిపెట్టినవాడికి క్షేమం. ఈ పద్ధతి మారనంత కాలం ఎన్ని కొన్నా బూజుకే మేత.

కొత్త టెండరు పిలవకముందే పాతవాటిని ఒక్కొక్కటీ తెరిచి చూడాలి. పూత పోయిన అద్దాలకు మళ్ళీ పూత వేయించాలి. పిల్లలు వాడుతుండగా జరిగిన నష్టాన్ని బ్రేకేజీగా ఒప్పుకుంటూ లిఖితపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. రిజిస్టరులో ధర పక్కన ఇంకో గడి గీయాలి: ఈ ఏడాది ఎన్ని రాత్రులు ఆకాశం చూశారు? ఆ గడిలో సున్నా ఉన్న బడికి, ఆ సున్నాను చూసి సంతకం పెట్టిన అధికారికి కొత్త టెలిస్కోపు అడిగే అర్హత లేదు. అంతరిక్ష దినోత్సవం నాడు వేదికెక్కే పెద్దలు ఈసారి ప్రసంగం మానేసి, ఆ బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుందో చెప్పండి.