రాజపూజ్యం 75 పౌండ్లు

2024 ఉగాది రోజుల్లో, పచ్చడి గిన్నె ఇంకా కడగకముందే, లండన్ నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు.

"మామయ్యా, బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో ఇంతవరకు జనాన్ని రానివ్వని తూర్పు భాగాన్ని ఈ వేసవిలో చూపిస్తారట. మనిషికి 75 పౌండ్లు. ఇద్దరం వెళితే 150. వెళ్లమంటారా, మానమంటారా?"

75 పౌండ్లంటే మన డబ్బులో దగ్గర దగ్గర 8,000 రూపాయలు. ఇంత పెద్ద వ్యవహారాన్ని ఫోన్‌లో అవుననో కాదనో తేల్చేయడం పెద్దరికం అనిపించుకోదు. గడువు అడిగి విచారణకు కూర్చున్నాను. విచారణ సంఘానికి అధ్యక్షుణ్ని, సభ్యుణ్ని, కాఫీ కలుపుకొచ్చేవాణ్ని అన్నీ నేనే.

ముందుగా పంచాంగం తీశాను. వాడి రాశికి ఆ ఏడు రాజపూజ్యం కంటే అవమానం ఎక్కువ రాసి ఉంది. విచారణ అక్కడితో ముగించవచ్చు. కానీ డబ్బు పెట్టి కొనుక్కున్న రాజపూజ్యం ఈ లెక్కలోకి వస్తుందా రాదా అన్నది సిద్ధాంతులెవరూ తేల్చలేదు. కాబట్టి పంచాంగం మూసి, చరిత్ర తెరిచాను.

ఆ ఇంట్లో మొత్తం 775 గదులు. అందులో స్నానాల గదులే 78. సిబ్బంది పడుకోవడానికి 188, ఆఫీసులకు 92. మొదట్లో జనానికి గేటు చువ్వలే దర్శనం. 1992 నవంబరులో విండ్సర్ కోట తగలబడితే బాగుచేయించడానికి డబ్బు కావలసి వచ్చి, ఆ మరుసటి వేసవి నుంచి ఇక్కడి కొలువు గదుల్ని టికెట్ మీద చూపించడం మొదలుపెట్టారు. పెళ్లి అప్పు తీర్చడానికి మేడ మీద వాటా అద్దెకిచ్చినట్టు అన్నమాట. అద్దెకున్నవాళ్లు అలవాటైపోతే అప్పు తీరాక కూడా ఖాళీ చేయమనం కదా, వాళ్లూ అంతే.

ఇక మా వాడు అడుగుతున్న తూర్పు వాటా. విక్టోరియా రాణిగారికి 1847 నాటికే అయిదుగురు పిల్లలు. ఇల్లు చాలడం లేదు. అందుకని బ్రైటన్‌లో సముద్రం ఒడ్డున ఉన్న విలాస భవనాన్ని ఆ ఊరివాళ్లకే అమ్మేసి, ఆ డబ్బు కొంత వేసి, ఉన్న ఇంటికి ముందువైపు కొత్త వాటా కట్టించారు. అమ్మిన ఇంట్లోంచి చైనా పింగాణీ సామాను, చలి పొయ్యిల చుట్టూ ఉండే అలంకారాలు ఊడబెరికి తెచ్చి ఇక్కడ బిగించారు. ఇది చదివాక రాణిగారి మీద నాకు గౌరవం పెరిగింది. మా పెదనాన్న కూడా పాత ఇల్లు అమ్మినప్పుడు సింహద్వారం, దూలాలు, చివరికి గోడకున్న కొక్కేలు కూడా పీక్కొచ్చాడు. కొన్నవాడు నోరు వెళ్లబెట్టాడు. బ్రైటన్ వాళ్లు ఏమనుకున్నారో గానీ, సంసారం ఎక్కడైనా సంసారమే.

ఆ వాటా ముఖం కూడా అసలుది కాదు. మొదట వేసిన రాయి లండన్ మసికి పాడైపోతే, 1913లో 13 వారాల్లో ముందుగోడంతా కొత్త రాయి తొడిగారు. ప్రపంచమంతా ఫొటోల్లో చూసేది ఆ తొడుగునే. పెళ్లికూతురి ముస్తాబుకే పూట పడుతుంది, కోట ముస్తాబుకు 13 వారాలంటే ఎక్కువేమీ కాదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. తెర వెనుక చూపిస్తామంటున్నారు. తెర వెనుక అంటే ఏమిటి?

దీనికి ప్రమాణం కోసం లండన్ వెళ్లనక్కర్లేదు. ఆదివారం మధ్యాహ్నం ఎవరో చుట్టాలు "మీ వీధి మొదట్లో ఉన్నాం" అని ఫోన్ చేస్తారు. ఆ ఫోన్‌కీ కాలింగ్ బెల్లుకీ మధ్య ఉన్న నాలుగు నిమిషాల్లో మా ఇంట్లో ఒక మహా వలస జరుగుతుంది. దివాన్ మీద మడతపెట్టని బట్టల కుప్ప, రెక్క వంగిన టేబుల్ ఫ్యాను, నిరుటి పెళ్లిళ్ల శుభలేఖలు, మూత పగిలిన ఆవకాయ జాడీ, పని చేయని మిక్సీ, "రేపు వారంటీకి పనికొస్తుంది" అని పదకొండేళ్లుగా దాచిన టీవీ అట్టపెట్టె, అన్నీ కలిసి వెనక గదిలోకి చేరతాయి. తలుపు మూసి, గొళ్లెం పెట్టి, నుదుటి చెమట తుడుచుకుని, "రండి రండి" అంటాం. వచ్చినవాళ్లకు కనిపించేది సోఫా, షోకేసులో ఎన్నడూ టీ ఎరగని టీ సెట్టు. దీన్ని ముందుగది దర్శనం అంటారు. తెర వెనుక అంటే ఆ గొళ్లెం పెట్టిన గది. అది చూపిస్తే 75 పౌండ్లు కాదు, 100 ఇచ్చినా దండగ కాదు. అది చూపించకపోతే ఎన్ని గదులు తిప్పినా ముందుగదే.

ఈ కొలతబద్దతో తూర్పు వాటాను కొలిచాను. 73 మీటర్ల పొడవున్న నడవా ఉంది, బొమ్మలూ పటాలూ ఉన్నాయి. మధ్య గదిలో తామరపువ్వులాంటి గాజు దీపాల గుత్తి, 1897లో చైనా చక్రవర్తి విక్టోరియాకు పంపిన పట్టు తెరలు. బాగానే ఉంది. కానీ ఇవన్నీ షోకేసులో టీ సెట్టు వరసే కదా.

ఆ మధ్య గదికి ఒక విశేషం ఉంది. దాని అవతలే ఆ ప్రసిద్ధమైన బాల్కనీ. 1851లో విక్టోరియా మొదటిసారి అక్కడ నిలబడి జనానికి కనిపించింది. ఆ తరువాత ఎన్ని పెళ్లిళ్లయినా, యుద్ధాలు ముగిసినా, విమానాలు రంగుల పొగలు చిమ్ముకుంటూ ఎగిరినా, కుటుంబమంతా అక్కడికొచ్చి చెయ్యి ఊపుతుంది. మరి టికెట్ కొన్నవాడు ఆ బాల్కనీలోకి వెళ్లవచ్చా? వెళ్లకూడదు. పల్చటి తెరల సందులోంచి బయటికి తొంగి చూడవచ్చు, అంతే. అంటే 8,000 రూపాయలు పోసిన మనిషి లోపల నిలబడి, గేటు బయట ఉచితంగా నిలబడి ఇటే చూస్తున్న మనిషిని చూస్తాడు. వాడేమో లోపల ఎవరో గొప్పవాళ్లున్నారని ఫొటో తీసుకుంటాడు. ఆ క్షణాన ఇద్దరిలో రాజపూజ్యం ఎవరికి, అవమానం ఎవరికి అన్నది మళ్లీ పంచాంగమే చెప్పాలి.

అయితే ఆ ఇంట్లో గొళ్లెం పెట్టిన గది లేకపోలేదు. బ్రిటన్ పార్లమెంటు లెక్కల సంఘం 2014లో ఆ సంగతి బయటపెట్టింది. వాన పడితే కప్పు కారుతోందని, విలువైన చిత్రాలు తడవకుండా సిబ్బంది బకెట్లు పెడుతున్నారని. అంతకుముందు 2007లో పై నుంచి రాతి ముక్క ఊడిపడి యువరాణి కారుకు కొద్దిలో తప్పింది. బకెట్ల మాట విన్నప్పటి నుంచి ఆ కోట నాకు చాలా దగ్గరైపోయింది. గోడకు రెంబ్రాంట్ చిత్రం, దాని కింద నీలం రంగు ప్లాస్టిక్ బకెట్, టప్పు టప్పుమని చుక్కలు, చుక్క తప్పితే పక్కకు జరిపే ఒక ఉద్యోగి, వాడి చేతిలో తుడుపుగుడ్డ. ఇది గదా చూడదగ్గ దృశ్యం! బకెట్ రంగు నేను ఊహించుకున్నదే, అక్కడ వెండి బకెట్లు వాడినా వాడతారు. 2017లో 36.9 కోట్ల పౌండ్లతో, పదేళ్ల గడువుతో, పాత కరెంటు తీగలు, గొట్టాలు, బాయిలర్లు మార్చే పని పెట్టుకున్నారు. తూర్పు వాటా తలుపులు తీసింది అక్కడ ఆ పని అయిపోయాకే. చుట్టాల ఫోన్‌కీ బెల్లుకీ మధ్య మాకు నాలుగు నిమిషాలు పట్టే సర్దుడుకు వాళ్లకు ఏళ్లు పట్టింది. తేడా అంతే.

నిజంగా తెర వెనుక చూసినవాళ్లు చరిత్రలో కొందరున్నారు. వాళ్లు టికెట్ కొనలేదు. జోన్స్ అనే కుర్రాడు 1838లో ఒంటికి మసి పూసుకుని దూరి, రాణిగారి లోదుస్తులతో పట్టుబడ్డాడు. బుద్ధి రాలేదు. 1840 డిసెంబరులో రాణిగారి గది పక్కన సోఫా కింద దొరికాడు. సింహాసనం మీద కూర్చున్నానని, అప్పుడే పుట్టిన యువరాణి ఏడుపు విన్నానని చెప్పుకున్నాడు. చివరికి ఓడలో పనికి పంపించి వదిలించుకున్నారు. 1982లో ఇంకొకడు గోడ దూకి, ఏకంగా అప్పటి రాణి ఎలిజబెత్‌గారి పడకగదిలో తేలాడు. అప్పటి చట్టం ప్రకారం ఇంట్లోకి చొరబడటం నేరం కాదు కాబట్టి, అంతకుముందు వచ్చినప్పుడు తాగిన అర సీసా ద్రాక్షసారా మీద దొంగతనం కేసు పెట్టారు. అందులోనూ నిర్దోషి అని వదిలేశారు. ఖర్చు సున్నా, పానీయం అదనం. ఈ మార్గాన్ని మా మేనల్లుడికి సిఫారసు చేయలేదు. వాడికి మోకాలి నొప్పి.

ఇక మన వాటా సంగతి. 1850 జులై 3న, తూర్పు వాటా కొత్తగా లేచిన రోజుల్లో, కోహినూరును విక్టోరియా చేతిలో పెట్టింది ఆ ఇంట్లోనే. అది దొరికిన చోటని చెప్పే కొల్లూరు మన పల్నాడులోది, ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. వజ్రం లండన్ టవర్‌లో ఉంది, దానికి వేరే టికెట్. అది చాలదన్నట్టు 1947లో ఎలిజబెత్ పెళ్లికి, నచ్చిన నగలు ఎంచుకోమని హైదరాబాద్ నిజాం నగల దుకాణానికే కబురు పెట్టాడు. ఆమె మొహమాటపడలేదు. అప్పుడు ఎంచుకున్న హారాన్ని ఆ తరువాత ఆ ఇంటి కోడలు కేట్ కూడా పెట్టుకుంది. పెళ్లికి అంత చదివింపులు పెట్టినవాళ్ల ఊరివాళ్లకు భోజనం పెట్టకపోతే పోనీ, బాల్కనీలో అయిదు నిమిషాలు నిలబడనివ్వరా? ఈ వాదన టికెట్ కౌంటర్‌లో చెల్లదని మా మేనల్లుడి అభిప్రాయం. వాడు మొదటి నుంచీ మెతకే.

ఇన్నీ ఆలోచించి, తీర్పు సిద్ధం చేసి ఫోన్ చేశాను. "ఒరే, వెళ్లాలా వద్దా అని అడిగావు కదా..."

"టికెట్లు మొదటి రోజే గంటల్లో అయిపోయాయి మామయ్యా. మీరు విచారణలో ఉన్నారని కదపలేదు."

ఆ తీర్పు ఇప్పటికీ నా దగ్గరే భద్రంగా ఉంది.

ఆగస్టులో వాడు పెళ్లాంతో విజయవాడ వచ్చాడు. గేటు చువ్వల మధ్య నుంచి తీసిన ఫొటో చూపించాడు. బాల్కనీ కనిపిస్తోంది, దాని వెనక తెర దగ్గర ఎవరో నీడలా ఉన్నారు. "ఆయనే 75 పౌండ్లాయన" అన్నాను. ఆరోజు ఉదయం నుంచి ముసురు. వాడు కాళ్లు సాగదీయడానికి లేచి, ఇల్లంతా తిరిగి, వెనక గది ముందు ఆగాడు.

"మామయ్యా, దీనికి గొళ్లెం ఎందుకు పెట్టారు?"

"అక్కడ చూడటానికేమీ లేదురా. రా, బాల్కనీలో కూర్చుందాం. మన దగ్గర అది ఉచితం."

వంటింట్లోంచి మా ఆవిడ కేక వేసింది. "ఏమండీ, ఆ గదిలో బకెట్ నిండిపోయి ఉంటుంది, పారబోయండి!"

మేనల్లుడు జేబులోంచి పర్సు తీశాడు.