గుర్రం రౌతుదే

బ్రిటిష్ కాలం నాటి గుర్రపు దళాల గురించి ఒక వ్యాసంలో, రౌతులందరికీ గుర్రాలను సర్కారే ఇచ్చేదని రాశారు. మద్రాసు రెజిమెంట్ల వరకు అది నిజమే. బొల్లారంలోని హైదరాబాద్ కంటింజెంట్ (నిజాం రాజ్యంలో బ్రిటిష్ అధికారుల కింద ఉన్న సైన్యం) రౌతులు మాత్రం సిల్లాదార్లు. అంటే గుర్రం, జీను, కత్తి వాళ్లవే. సర్కారు ఇచ్చేది తుపాకీ, మందుగుండు. మేత ఖర్చూ జీతంలోంచే. ఇద్దరికి కలిపి సామాను మోయడానికి ఓ తట్టువ (పొట్టి గుర్రం), ఓ గడ్డి కోసేవాడు.

జీను కింద దుప్పటి మడతపడితే చాలు, ఒక్కరోజు నడకకే గుర్రం వీపు పుండవుతుంది. అది మానేదాకా జీను వేయకూడదు. పాపం, రౌతు నడవాల్సిందే! గుర్రం చస్తే నెలనెలా జీతంలో కోసిన చందా నిధి కొంత ఆదుకునేది. రౌతే పోతే, దళంలో చేరేటప్పుడు అతను ధరావతుగా కట్టిన అసామీ సొమ్ము ఇంటివాళ్లకు చేరేది. 1914లో మొదలైన మొదటి ప్రపంచ యుద్ధంలో గుర్రాలు వరసగా చస్తుంటే ఈ సిల్లాదారీ పద్ధతి నిలవలేకపోయింది.