మబ్బులో పెట్టిన పాస్‌బుక్కు

మబ్బుల గురించి మాట్లాడే అర్హత ఈ దేశంలో ఎవరికైనా ఉందంటే మా అనంతపురం వాళ్లకే ఉండాలి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు కురుస్తుందని లెక్కలు చెబుతాయి, ఆ సగటు ఏ చేలో పడిందో మాత్రం చెప్పవు. ఆషాఢం వచ్చిందంటే చెనిక్కాయ విత్తనం ఇంట్లో పెట్టుకుని ఆకాశం వైపు చూడటం మా వృత్తి. మేఘమథనమని ప్రభుత్వం విమానాలు తిప్పిన రోజుల్లో కింద నిలబడి విమానాలు లెక్కపెట్టిన అనుభవం కూడా ఉంది. అలాంటి నాకు బెంగళూరు నుంచి మావాడు ఫోన్ చేసి, "నాన్నా, అన్నీ క్లౌడ్‌లో పెట్టేయ్, టెన్షన్ ఉండదు" అన్నాడు.

మబ్బును నమ్ముకుంటే టెన్షన్ ఉండదని మా జిల్లాలో అన్న మొదటి మనిషి వాడే అయ్యుంటాడు.

విచారిస్తే అది మబ్బు కాదట. ఎక్కడో పెద్ద షెడ్డు కట్టి, వరసగా హార్డ్ డిస్కులు పేర్చి, అవి వేడెక్కకుండా రేయింబవళ్లు చల్లబరుస్తారట. మే నెలలో మేము తడిగుడ్డ కప్పుకుని పడుకుంటే మా ఫొటోలు ఏసీలో పడుకుంటాయన్నమాట. సంతోషం.

ఇక కోటాలు. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, ఆపిల్, మైక్రోసాఫ్ట్ చెరి 5, డ్రాప్‌బాక్స్ 2. టీఎంసీల్లో పుట్టి పెరిగినవాళ్లకు జీబీలు ఒక లెక్కా? ఆ 15 జీబీ కూడా తుంగభద్ర డ్యాం నుంచి మాకొచ్చే ఎగువ కాలువ, హెచ్చెల్సీ, నీళ్లలాంటిదే. మెయిలు, ఫైళ్లు, ఫొటోలు మూడింటికీ ఒకే కాలువ. ఆండ్రాయిడ్ ఫోన్ల వాట్సాప్ బ్యాకప్ ఒకప్పుడు ఈ లెక్కలోకి వచ్చేది కాదు, ఇప్పుడు అదీ తూము పెట్టేసింది. పైనవాళ్లు తోడుకోగా చివరి ఆయకట్టులో ఉన్న మెయిలుకు చుక్క మిగలదు. అక్కడ నిండిపోతే కొత్త ఉత్తరాలు రావడమే ఆగిపోతుంది. పూడిక సంగతి సరేసరి. 1953లో సుమారు 133 టీఎంసీలు పట్టిన తుంగభద్రలో ఇప్పుడు 105 చిల్లర పడుతోంది. మా ఫోన్లలో ఆ పూడికను శుభోదయం గులాబీలంటారు. ఊరి పేరులో అనంతం పెట్టుకుని నెలనెలా అదనపు జాగాకు డబ్బు కట్టడం నామోషీగానే ఉంది, అయినా కట్టాను.

మూడు ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్. ముందు ఖాతా సంగతి తేలాలి. మా నాయన ఫోన్‌లో ఉన్న ఖాతా, కొన్నప్పుడు సెల్ షాపు కుర్రాడు చేసిచ్చింది. పాస్‌వర్డ్ వాడికి గుర్తు లేదు, రికవరీ నంబర్ వాడి పాత సిమ్ముది. దాన్ని వదిలేసి అందరికీ ఒకే ఖాతా పెట్టమన్నాడు మావాడు. వీడియో కాల్‌లో వాడు చెప్పినచోటల్లా "సింక్" అన్నదాని పక్కన టిక్కు పెట్టాను. సాయంత్రానికి అద్భుతం. మా ఆవిడ ఫోన్‌లో రాసుకున్న చింతపండు రేటు నా ల్యాప్‌టాప్‌లో ఉంది. నేను స్కాన్ చేసిన పట్టాదారు పాస్‌బుక్కు నాయన ఫోన్‌లో ఉంది. ఆ రాత్రి నిశ్చింతగా పడుకున్నాను.

పదో రోజున నాయన ఫోన్ "స్టోరేజ్ ఫుల్" అంది. ఎనభై ఏళ్ల రైతు. కలుపు కనబడితే చెయ్యి ఊరుకోదు. అరుగు మీద కూర్చుని, కళ్లద్దాలు నుదుటికెత్తి, ఫోన్ ముక్కు దగ్గర పెట్టుకుని, పొద్దు గుంకే దాకా ఒక్కొక్కటే పీకేశాడు. గులాబీలు పోయాయి, పాస్‌బుక్కు పోయింది, మావాడి మార్కుల లిస్టులు, ఇద్దరు మేనకోడళ్ల పెళ్లిళ్లు పోయాయి. ఆయన ఫోన్‌లోనే కాదు, మా ఆవిడ ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో, ఆ ఏసీ షెడ్డులో కూడా. కంపెనీ పేరు చెప్పను, దాని తప్పేం లేదు. ఒకచోట పెడితే అన్నిచోట్లా పెట్టమన్నాం, పెట్టింది. ఒకచోట తీస్తే అన్నిచోట్లా తీసింది. అంతటి నిజాయితీ గల నౌకరు మా వంశంలో ఎవరికీ దొరకలేదు. 2024 ఆగస్టులో తుంగభద్ర 19వ గేటు కొట్టుకుపోయినప్పుడైనా స్టాప్‌లాగ్‌లని అడ్డు పలకలు దించి కొన్ని నీళ్లు ఆపారు.

"పర్వాలేదు నాన్నా, తీసేసినవి కొన్నాళ్లు చెత్తబుట్టలో ఉంటాయి, చూడు" అన్నాడు మావాడు.

చూశాను. తళతళలాడుతోంది.

"దాన్ని కూడా ఖాళీ చేసినావా నాయనా?"

"చెత్త ఎవడన్నా ఇంట్లో పెట్టుకుంటాడారా?"

"అందులో పాస్‌బుక్కు ఉండె కదా!"

"మబ్బులో పెట్టినా అన్నావు. మబ్బు నిలబడుతుందని నేనెట్లా అనుకుంటా? జొన్నల పాతర మాదిరి అని చెప్పింటే ముట్టుకునేవాణ్ణే కాదు."

ఆలోచిస్తే ఆయన మాటలో న్యాయముంది. కాబట్టి సంబంధిత కంపెనీలకు నా విన్నపం: ఇక్కడికి వచ్చేసరికి ఆ పేరు మార్చండి. పాతర అనండి, గాదె అనండి, కనీసం చెరువు అనండి. సింక్ అంటే దాచిపెట్టడం కాదని, ఆ టిక్కు పక్కనే తెలుగులో, పెద్దక్షరాల్లో రాయండి.

అసలు పాస్‌బుక్కు భద్రంగానే ఉంది. అమ్మ ట్రంకుపెట్టెలో, పట్టుచీర కింద, కలరా ఉండల వాసనతో. మళ్లీ స్కాన్ చేశాను. మిగతా ఫొటోల కోసం మేనకోడళ్లను బతిమాలుకున్నాను. ఈసారి ఒక హార్డ్ డిస్క్ కూడా కొని, దాన్లో కాపీ చేసి, ఆ ట్రంకుపెట్టెలోనే పెట్టాను. నెలకొకసారి తీసి కొత్తవి ఎక్కించాలని ఏర్పాటు.

పెట్టె తాళంచెవి మాత్రం నాయన మొలతాడుకే ఉంది.