ముందు మాటలు ఏరండి, ఏళ్లు తర్వాత లెక్కపెడదాం

మాటల పోలికలను బట్టి కంప్యూటర్ గీసే, భాషల వయసు తేల్చేసే వంశవృక్షం కొన్నాళ్లకొకటి వార్తల్లోకి వస్తుంది. 2003లో గ్రే, అట్కిన్సన్ అనే పరిశోధకులు ఇండో-యూరోపియన్ మూలభాషకు (సంస్కృతం, లాటిన్, ఇంగ్లిష్ లాంటివాటి ఉమ్మడి తల్లికి) 7,800 నుంచి 9,800 ఏళ్లు కట్టారు. లాటిన్ లాంటి కొన్ని ప్రాచీన భాషలు నేటి భాషలకు నేరుగా పూర్వీకులేనన్న షరతును 2015లో చాంగ్ బృందం అదే తరహా లెక్కకు చేర్చింది. వయసు ఆరున్నర వేల ఏళ్లకు లోపే తేలింది. 2023లో హెగర్టీ బృందం 161 భాషలతో లెక్కగట్టి మళ్లీ 8,100 దగ్గరికి తెచ్చింది. షరతు మారితే వేల ఏళ్లు అటూ ఇటూ ఊగే దాన్ని శాస్త్రం అనడానికి నాకు నోరు రావడం లేదు.

ఈ లెక్కలు తమ అనిశ్చితిని దాచవు, చేత్తో పోల్చలేనన్ని చెట్లను పోల్చి చూస్తాయి. నిజమే. కానీ యంత్రానికి మేత ఎక్కణ్నుంచి వస్తోంది? ఏ భాషల మాటలు ఒకే మూలానివో ఒకటి, సున్నాలతో మనిషి నింపిన పట్టిక నుంచే.

తమిళంలో ‘ఉరల్’, మనకు ‘రోలు’. అక్కడ ‘ఇరండు’, ఇక్కడ ‘రెండు’. మూల ద్రావిడంలో ఏ మాటా ర, లలతో మొదలయ్యేది కాదు. తెలుగులో ముందున్న అచ్చు హల్లు దాటి వెనక్కి జరిగింది. అక్కడున్న అకారంతో కలిసి ఉ ‘ఓ’ అయింది, ఇ ‘ఎ’ అయింది. (వాడుక తమిళంలోనూ ‘రెండు’ అనే అంటారు, అది వేరే కథ.) ఈ సూత్రం పట్టుకున్న మనిషి ఉంటేనే ‘రోలు’, ‘ఉరల్’ ఒకే మూలం మాటలని పట్టికలో ఒకటి పడుతుంది. లేదంటే సున్నా. ద్రావిడ కుటుంబానికి సుమారు 4,500 ఏళ్లని 2018లో తేల్చిన 20 భాషల అధ్యయనమూ అలాంటి పట్టిక మీద నిలబడిందే.

సూత్రం బలం చూడాలంటే స్విస్ భాషాశాస్త్రవేత్త సొస్యూర్‌ను చూడాలి. 21 ఏళ్ల వయసులో, అచ్చుల మార్పుల వరస మాత్రమే చూసి, అప్పటికి తెలిసిన ఏ భాషలోనూ కనబడని ధ్వనులు ఇండో-యూరోపియన్ మూలభాషలో ఉండి తీరాలన్నాడు. నేటి టర్కీలో ఒకప్పుడు మాట్లాడిన, అదే కుటుంబానికి చెందిన హిట్టైట్ భాష మట్టిపలకలను చదవగలిగాక, 1927లో పోలండ్ భాషావేత్త కురిలోవిచ్ ఆ ధ్వనుల జాడ ఆ భాషలో చూపించాడు.

అసలు ఈ వయసుల పిచ్చి పరిశోధకులది కాదు, మనది. ఎవరి భాష ముందు పుట్టిందన్న పందెంలో గెలవడానికి మనకో అంకె కావాలి. 2008లో తెలుగుకు ప్రాచీన హోదా వచ్చినప్పుడు పండగ చేసుకున్నాం. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు రెండో కూర్పు మాత్రం 1984 నాటిది. చిన్న ద్రావిడ భాషల మాటలు ఏరడానికి ఆ ఉత్సాహం ఏది? 1969లో భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి కొండ (కూబి) అనే చిన్న ద్రావిడ భాషకు వ్యాకరణం అచ్చువేశారు. మన నోట ర లో కలిసిపోయిన ఱ అక్కడ విడిగా పలుకుతుందన్న సంగతి, ఆ భాష మాట్లాడేవాళ్ల దగ్గర కూర్చుని విని రాసుకున్నదే.