విష్ణుక్రాంతని వేళ్లతో సహా పీకి తెచ్చుకోమనే మెసేజ్ గురించి

వానలు మొదలైతే చాలు ఒక ఫార్వర్డ్ తిరుగుతూ ఉంటుంది, ఈసారి నాకు నాలుగు గ్రూపుల్లో వచ్చింది. అందులో ఉన్నది ఇంతే: విష్ణుక్రాంత పిచ్చిమొక్క, గట్ల మీద ఎక్కడ పడితే అక్కడ ఉంటుంది, గింజలు వేస్తే మొలవవు, వేళ్లతో సహా పీకి తెచ్చి కుండీలో పెట్టండి, ఎరువు దండిగా వేసి రోజూ నీళ్లు పొయ్యండి, నెలలో కుండీ నిండా పాకుతుంది, ఎండాకాలం ఎండిపోతే పారేసి మళ్లీ కొత్తది తెచ్చుకోండి. కింద ఫోటో ఏమో శంఖపుష్పం తీగది. చూసిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటోంది, అందుకే ఒక్కో మాట పట్టుకుని జవాబు రాస్తున్నా, కొంచెం పొడుగైనా చదవండి.

ముందు ఫోటో. శంఖపుష్పం చిక్కుడు కుటుంబం, పందిరెక్కుతుంది, పొడుగు కాయలు కాస్తుంది. సంస్కృతంలో దానికీ విష్ణుక్రాంత అనే పేరుంది కాబట్టి తికమక పడటం సహజమే. మనం పొలాల్లో చూసేది వేరు, దాని శాస్త్రీయ నామం ఎవాల్వులస్ ఆల్సినాయిడిస్, తూటికాడ, చిలగడదుంపల కుటుంబం, కానీ వాటిలా దేన్నీ చుట్టుకోదు, ఎవాల్వులస్ అనే పేరుకి అర్థమే అది. నేలకి ఆనుకుని మూరెడు మేర పరుచుకుంటుంది, పువ్వు చిటికెనవేలి గోరంత, నీలం. ఇంకోటి, నర్సరీలో విష్ణుక్రాంత అని చాలాసార్లు చేతిలో పెట్టేది బ్లూ డేజ్, అది బ్రెజిల్ మొక్క, దీనికి చుట్టమే కానీ ఇది కాదు. పువ్వు బాగా పెద్దది, గుబురుగా పెరుగుతుంది, కొమ్మ గుచ్చితే వస్తుంది. ముచ్చటగానే ఉంటుంది, పెంచుకోండి, కాకపోతే దాన్ని పెంచిన అలవాటుతో దీన్ని పెంచొద్దు.

ఇక "వేళ్లతో పీకి తెచ్చుకోండి" అనే మాట. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే నేనూ ఒకప్పుడు అలాగే మూడు మొక్కలు తెచ్చాను, మూడూ పోయాయి. పైన చూస్తే దారాల్లాంటి కొమ్మలు, ఇంతే కదా అనిపిస్తుంది, కింద మాత్రం పుల్లలాగా గట్టిపడిన తల్లివేరు మొరంలోకి, గులకరాళ్ల సందుల్లోకి దిగి ఉంటుంది. లాగితే పుటుక్కున తెగుతుంది, చేతికొచ్చేది పై రెండంగుళాలే, నీళ్లు పీల్చే సన్న వేళ్లన్నీ నేలలోనే ఉండిపోతాయి. కుండీలో పెట్టాక ఒకటి రెండు రోజులు పచ్చగానే కనిపిస్తుంది, బతికిందనుకుంటాం, అది కొమ్మలో మిగిలిన తడి అంతే, తర్వాత ఆకు కాగితంలా అయిపోయి దాని మీది వెండి నూగు ఒక్కటే మిగులుతుంది. గరికలా కణుపు కణుపుకీ వేళ్లు దిగే మొక్క కాదు ఇది. గట్టు మీద ఉన్నదీ పోయింది, మన కుండీలోదీ పోయింది.

మరి ఎలా అంటే, విత్తనం. పువ్వు రాలిన చోట మిరియం కంటే చిన్న కాయ వస్తుంది, గోధుమరంగుకి తిరిగి ఎండాక విచ్చుకుంటుంది, లోపల మహా అయితే నాలుగు గింజలు. ఒక్కో మొక్క దగ్గర నాలుగైదు కాయలు తీసుకుని మిగతావి వదిలెయ్యండి, అవి అక్కడే రాలాలి. "గింజలు వేస్తే మొలవవు" అని కూడా ఆ మెసేజ్‌లో ఉంది, ఊరికే చల్లితే చాలావరకు మొలవవు నిజమే, పైపొట్టు గట్టిది, నీళ్లు లోపలికి దిగవు. రెండు సాండ్ పేపర్ ముక్కల మధ్య పెట్టి మెల్లగా రుద్ది, రాత్రంతా నీళ్లలో ఉంచండి. పొద్దున్నే చూస్తే కొన్ని ఉబ్బి ఉంటాయి, అవి నాటండి, ఉబ్బనివాటిని మళ్లీ రుద్దండి. నాటేది కూడా అది చివరిదాకా ఉండాల్సిన కుండీలోనే, మధ్యలో మార్చే పని పెట్టుకోవద్దు, అడుగు లోతున్న కుండీ అయితే మంచిది.

"ఎరువు దండిగా, నీళ్లు రోజూ" అంటే ఈ మొక్కకి అదే జబ్బు. చెలక నేలల్లో, ఏమీ పండదని వదిలేసిన చోట బతికే మొక్క ఇది, ఆకు మీది ఆ నూగు తడి ఆవిరైపోకుండా కాపాడుకునే ఏర్పాటు. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు దొడ్డు ఇసుక, గుప్పెడు మాగిన ఎరువు, చాలు. వేలు గుచ్చి చూస్తే రెండంగుళాల లోతు దాకా ఆరిపోయి ఉండాలి, అప్పుడే నీళ్లు. తడి నిలిస్తే కింద వేరు కుళ్లుతుంది, పైన ఆకు వాడిపోతుంది, మనం నీళ్లు చాల్లేదనుకుని ఇంకో చెంబు పోస్తాం. ఎండ మాత్రం పూర్తిగా కావాలి, నీడలో కొమ్మ సాగుతుంది కానీ పూత రాదు.

మధ్యాహ్నానికి పూలు ముడుచుకుంటున్నాయి, మందు కొట్టాలా అని ఆ మెసేజ్ కింద చాలామంది అడిగారు. వద్దండి, ఒక పువ్వు ఆయుష్షు ఒక పూటే, రేపు పొద్దున ఇంకోటి విచ్చుకుంటుంది. పొద్దున్నే వంగి దగ్గరగా చూడండి, నీలం మధ్యలో తెల్లటి చుక్క, దాని చుట్టూ అయిదు కేసరాలు, చిన్న చిన్న తేనెటీగలు వచ్చి వాలుతుంటాయి, మందు కొడితే వాటికే దెబ్బ.

ఇక ఎండాకాలం సంగతి. పైన ఎండిపోవడం అంటే చచ్చిపోవడం కాదు, ఇది ఏళ్ల తరబడి బతకగల మొక్క, ప్రాణం దుబ్బులో ఉంటుంది. కొమ్మ మొదలు దగ్గర గోరుతో కొంచెం గీకి చూడండి, లోపల పచ్చదనం కనిపిస్తే ఎండిన కొమ్మలు కత్తిరించి కుండీని అలాగే ఉంచండి, వారానికోసారి కాస్త తడపండి, వానలు పడ్డాక అక్కడి నుంచే చిగురొస్తుంది. కొన్ని నిజంగానే పోతాయి, అందుకే నాలుగు గింజలు ఎప్పుడూ దాచుకుంటాను.

వినాయక చవితి పత్రిలో విష్ణుక్రాంత ఉంది కదా, మరి పీకకుండా ఎలా అని ఒక అక్క అడిగింది. కత్తెర పట్టుకెళ్లి కొమ్మ కొసలు నాలుగు తుంచుకో అక్కా, పూజకి కావాల్సింది ఆకే, వేరు కాదు.