హైవే కెమెరాను ప్రయాణికుడూ చూడాలి

చలికాలంలో కాలిఫోర్నియాలోని శాక్రమెంటో చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లు కొండల మీది టాహో సరస్సుకు ట్రిప్ పెట్టుకున్నారంటే, ముందు రోజు రాత్రి ఆ ఇంట్లో ఒక పని తప్పకుండా జరుగుతుంది. ఒకపక్క పిల్లల జాకెట్లు, గ్లౌజులు, పులిహోర డబ్బాలు సర్దుతుంటారు. ఇంకోపక్క ఒకరు ఫోన్ పట్టుకుని కూర్చుని, కాలిఫోర్నియా రవాణా శాఖ కాల్ట్రాన్స్ వాళ్ల క్విక్‌మ్యాప్ తెరిచి, ఐ-80 హైవే మీద ఉన్న కెమెరా గుర్తుల్ని ఒక్కొక్కటే నొక్కుతూ కొండ ఎక్కుతారు. కోల్‌ఫాక్స్ దగ్గర రోడ్డు తడిగా ఉంది, అంతే. ఇంకాస్త పైకి పోతే రోడ్డు అంచులు తెల్లబడ్డాయి. కింగ్‌వేల్ దగ్గరికి వచ్చేసరికి ఏది రోడ్డో ఏది గుట్టో తెలియడం లేదు. అక్కడితో మాట తేలిపోతుంది. ‘రేపు పొద్దున మళ్లీ చూసి బయల్దేరదాం’ అనుకుని పడుకుంటారు.

మా ఇంట్లో ఆ పని నాది. చాలా ఏళ్లుగా చేస్తున్నాను. ఆ కెమెరాల మాట విని రెండుసార్లు ప్రయాణం మానుకున్నాం, ఒకసారి నాలుగు గంటలు ఆలస్యంగా వెళ్లాం. ఇది చిన్న సౌకర్యంలా కనిపిస్తుంది గానీ, దీని వెనక ఒక పెద్ద నిర్ణయం ఉంది. ప్రజల డబ్బుతో పెట్టిన కెమెరాలో కనిపించేది కంట్రోల్ రూమ్‌లో కూర్చున్న అధికారికి ఎంత అవసరమో, ఆ రోడ్డు మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని వెళ్లేవాడికీ అంతే అవసరం అన్న నిర్ణయం అది. మన తెలుగు రాష్ట్రాల్లో ఇంకా తీసుకోవలసినది ఆ నిర్ణయమేనని నా అభిప్రాయం. కెమెరాలు కొనడం దాని తర్వాతి సంగతి.

ఐ-80 సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. శాక్రమెంటో దాదాపు సముద్రమట్టానికి దగ్గరగా ఉంటుంది. అక్కడి నుంచి 90 మైళ్లు వెళ్లేసరికి డోనర్ సమిట్ దగ్గర రోడ్డు 7,200 అడుగులు దాటుతుంది. కింద ఎండ కాస్తుంటే పైన మంచు తుపాను ఉండొచ్చు. ఈ కనుమకు ఆ పేరు వచ్చింది 1846 చలికాలంలో ఇక్కడ మంచులో చిక్కుకుపోయిన డోనర్ బృందం అనే వలసదారుల వల్ల. ఆ బృందంలో 87 మంది ఉంటే దాదాపు సగం మంది చనిపోయారు. వాళ్లు ఆలస్యం కావడానికి ఒక ముఖ్య కారణం, దగ్గరి దారి అని నమ్మి హేస్టింగ్స్ కటాఫ్ అనే తోవ పట్టడం. ఆ దారి గురించి పుస్తకంలో రాసిన హేస్టింగ్స్, రాసేనాటికి తాను బండ్లతో ఆ దారిన వెళ్లి చూసినవాడు కాదు. చూడకుండా దారి చెప్పేవాడిని నమ్మితే ఏమవుతుందో ఆ కొండకు 1846 నుంచే తెలుసు.

2021 డిసెంబరు చివర్లో మంచు వల్ల ఇదే ఐ-80ని మూసేశారు. అప్పుడు గూగుల్ మ్యాప్స్ కొందరికి మంచు కప్పేసిన చిన్న కొండదారుల్ని ప్రత్యామ్నాయంగా చూపిస్తోందని అక్కడి నిపుణులు బహిరంగంగానే హెచ్చరించారు. 2024 మే నెలలో హైదరాబాద్ నుంచి కేరళ వెళ్లిన నలుగురు పర్యాటకులు కొట్టాయం జిల్లా కురుప్పంతర దగ్గర, మ్యాప్ చూపిన దారిలో వెళ్తూ వాన నీళ్లతో నిండిన వాగులోకి కారు పోనిచ్చారు. అదృష్టం బాగుండి అందరూ బయటపడ్డారు.

మ్యాప్ యాప్‌ల మీద నాకు కోపం లేదు, రోజూ వాడతాను. కానీ అవి చెప్పేది ఏమిటో, చెప్పనిది ఏమిటో తెలియాలి. ఆ ఎరుపు, ఆకుపచ్చ రంగులు ప్రధానంగా రోడ్డు మీద కదులుతున్న ఫోన్ల నుంచి వస్తాయి. బండ్లు ఎంత వేగంగా పోతున్నాయో అవి చెప్పగలవు. రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లున్నాయో, మంచు గడ్డకట్టిందో చెప్పలేవు. పైగా ప్రమాదం పెరిగి ఎవరూ పోని రోడ్డు, హాయిగా ఖాళీగా ఉన్న రోడ్డు, ఈ రెండూ ఫోన్ల లెక్కలో దాదాపు ఒకేలా కనిపించే అవకాశం ఉంది. మూసేశారన్న కబురు ఎవరైనా అందిస్తేనే ఆ తేడా తెలుస్తుంది. కెమెరా అంచనా వేయదు. ఆ క్షణంలో అక్కడ ఏముందో చూపిస్తుంది, తేల్చుకోవడం మన పని.

ఆ తేల్చుకోవడానికీ కొంచెం అలవాటు కావాలి. నేను మొదట చూసేది చిత్రం మీద ఉన్న టైమ్. తుపాను రోజున కరెంటో నెట్‌వర్కో పోయి కెమెరా ఆగిపోతే, మూడు గంటల కిందటి పొడి రోడ్డు బొమ్మే అలా నిలిచిపోయి ఉండొచ్చు. ఆ తర్వాత చక్రాల జాడలు చూస్తాను. మంచు మీద రెండు నల్లటి గీతలు స్పష్టంగా కనిపిస్తుంటే, బండ్లు పోతున్నాయి, కింద తారు తేలుతోంది అని అర్థం. గీతలు కూడా తెల్లబడుతుంటే మంచును తీసే బండి కంటే పడే మంచు ముందుంది అన్నమాట. రాత్రిపూట నల్లగా మెరిసే రోడ్డును అసలు నమ్మకూడదు. అది తడి కావొచ్చు, గాజులాంటి ఐస్ కావొచ్చు. పక్కనే ఉష్ణోగ్రత చూసి, సున్నా డిగ్రీల చుట్టుపక్కల ఉంటే ఐస్ అనే అనుకోవాలి. లారీలు వరసగా పక్కకు ఆగి ఉన్నాయంటే మంచులో జారకుండా డ్రైవర్లు టైర్లకు చైన్లు కట్టుకుంటున్నారని గానీ, ముందుకు వదలడం లేదని గానీ అనుకోవాలి. కొన్ని కెమెరాల్ని కంట్రోల్ రూమ్ వాళ్లు తిప్పుతుంటారు కాబట్టి మనం చూస్తున్నది వెళ్లే వైపో వచ్చే వైపో కూడా సరిచూసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, ఒక్క కెమెరా చూసి ఆగిపోకూడదు. కింద నుంచి పైదాకా వరసగా చూస్తేనే, పడుతున్నది వాన నుంచి మంచుగా ఏ ఎత్తులో మారుతోందో తెలుస్తుంది.

ఈ బొమ్మల పక్కనే చైన్ నిబంధన కూడా ఉంటుంది. ఆర్-2 అంటే మంచు టైర్లున్న ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లకు తప్ప మిగతా వాటికి చైన్లు తప్పనిసరి. ఆర్-3 అంటే ఎవరికీ మినహాయింపు లేదు. చాలాసార్లు ఆర్-3 దాకా రాకుండానే రోడ్డు మూసేస్తారు. నిబంధన ఒక్కటే చదివితే చిరాకు వస్తుంది. కింగ్‌వేల్ బొమ్మ చూశాక అదే నిబంధన చదివితే, నోరు మూసుకుని చైన్లు కొనుక్కుంటాం. 2024 మార్చి 1న మొదలుపెట్టి కోల్‌ఫాక్స్ నుంచి నెవాడా సరిహద్దు దాకా ఐ-80 మూసేసినప్పుడు, పాలిసేడ్స్ టాహో అనే స్కీ రిసార్ట్ శిఖరం దగ్గర గంటకు 190 మైళ్ల వేగంతో గాలి వీచింది. ‘తుపాను హెచ్చరిక’ అన్న రెండు మాటలు ఎన్నిసార్లు విన్నా నమ్మని మా స్నేహితుడు, కెమెరాలో ఏమీ కనిపించని ఆ తెలుపు చూసి హోటల్ బుకింగ్ వదులుకున్నాడు.

అమెరికాలో ఈ ఏర్పాటు ఒక్కరోజులో రాలేదు. రోడ్ల సమాచారానికి దేశమంతటా ఒకే నంబరు ఉండాలని 511ను కేటాయించింది 2000 జులైలో. ఆ తర్వాత ఒక్కో రాష్ట్రం తన ఫోన్ సేవను, వెబ్‌సైట్‌ను, కెమెరాలను జత చేసుకుంటూ వచ్చింది. వయోమింగ్‌లో ఐ-80 నాలుగు వందల మైళ్ల పొడవునా ఈదురుగాలికి ఖాళీ లారీలు పక్కకు పడిపోతుంటాయి. అక్కడ లారీ డ్రైవర్లకు ఈ కెమెరాలే దిక్కు. వాషింగ్టన్ రాష్ట్రంలో స్నోక్వాల్మీ కనుమ దాటాలంటే సియాటిల్ వాళ్లు చేసే మొదటి పని కూడా ఇదే.

కెమెరా అన్నిటికీ మందు కాదు. 2022 జనవరి 3, 4 తేదీల్లో వర్జీనియాలో ఐ-95 మీద ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర వందల బండ్లు మంచులో రాత్రంతా ఇరుక్కుపోయాయి. సెనేటర్ టిమ్ కెయిన్ కూడా 27 గంటలు కారులోనే ఉన్నారు. ముందు వాన పడటంతో, మంచు గడ్డకట్టకుండా రోడ్డు మీద ఉప్పు నీళ్లు చల్లడం కుదరలేదు. తర్వాత మంచు వేగంగా పడింది, లారీలు అడ్డం తిరిగాయి. అప్పటికే రోడ్డు మీద ఉన్నవాళ్లకు కెమెరా ఏం చేస్తుంది? దాని ఉపయోగం బయల్దేరకముందే.

ఇక మన రోడ్ల సంగతి. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద వరద హైవే మీదికి వచ్చింది, హైదరాబాద్–విజయవాడ రాకపోకలు ఆగిపోయాయి. ఆ రోజు మా బాబాయి, పిన్ని విజయవాడలో ఒక శుభకార్యానికని తెల్లవారుజామునే హైదరాబాద్ నుంచి బయల్దేరారు. దారిలో ఫోన్ చేస్తే తెలిసినవాళ్లు తలా ఒక మాట చెప్పారు. ఒకరు ‘బండ్లు పోతున్నాయి రండి’ అన్నారు, ఒకరు ‘బ్రిడ్జి కొట్టుకుపోయింది’ అన్నారు. వాట్సాప్‌లో వచ్చిన వీడియోల్లో ఏది ఆ రోజుదో, ఏది అంతకుముందు ఏడాదిదో తెలియలేదు. ఎందుకంటే 2023 జులై చివర్లోనూ అదే ఐతవరం దగ్గర అదే మున్నేరు అదే హైవేను ముంచింది. సూర్యాపేట దాటాక వెనక్కి తిరిగి, మందులు అయిపోయిన పిన్నితో రాత్రికి ఇల్లు చేరారు. నేను ఇక్కడ కూర్చుని వాళ్లకు ఫోన్‌లో ధైర్యం చెబుతున్నాను. కింగ్‌వేల్ రోడ్డు చూడటానికి నాకు అరనిమిషం పడుతుంది, మా వాళ్లు వెళ్లే రోడ్డు ఎలా ఉందో చూసి చెప్పలేకపోయానని ఆ రోజు పడ్డ బాధ ఇంకా పోలేదు.

కెమెరాల కొరత వల్ల ఇలా జరుగుతోందని అనుకోవడం పొరపాటు. జాతీయ రహదారుల సంస్థ 2023 అక్టోబరులో ప్రకటించిన కొత్త ట్రాఫిక్ నిర్వహణ విధానం ప్రకారం ప్రతి 10 కిలోమీటర్లకు వీడియో కెమెరాలు, ప్రతి 100 కిలోమీటర్లకు ఒక కమాండ్ కంట్రోల్ సెంటర్ ఉండాలి. ఆ కెమెరాలు హెల్మెట్, సీటు బెల్టు, రాంగ్ రూట్, రోడ్డు మీద పశువులు వంటి 14 రకాల ఘటనల్ని గుర్తించాలి. గుర్తించాక పెట్రోలింగ్ బండికి, అంబులెన్సుకు కబురు పోవాలి, చలాన్ తయారవ్వాలి, దారిలోని బోర్డులకూ రాజ్‌మార్గ్‌యాత్ర యాప్‌కూ హెచ్చరిక వెళ్లాలి. ఇవన్నీ మంచివే, ప్రాణాలు కాపాడేవే. కానీ ఆ కెమెరా చూసేది డ్రైవర్‌ని. డ్రైవర్‌కు అందేది ఒక సందేశం. ‘ముందు నీళ్లున్నాయి, జాగ్రత్త’ అన్న సందేశానికీ, డివైడర్ మునిగిపోయి ఒక లారీ సగం దాకా నీళ్లలో నిలబడి ఉన్న బొమ్మకూ చాలా తేడా ఉంది. సందేశం చదివి మన జనం ‘చూద్దాం పద’ అంటారు. బొమ్మ చూస్తే ఆగుతారు.

జనం ముఖాలు, బండి నంబర్లు అందరికీ కనిపిస్తే ఎలా అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. అమెరికాలో చాలా రాష్ట్రాల రవాణా శాఖలు ఈ ప్రజా కెమెరాల దృశ్యాల్ని రికార్డు చేసి దాచవు. దూరం నుంచి, తక్కువ స్పష్టతతో, రోడ్డు తెలిసేలా మాత్రమే చూపిస్తాయి. చలాన్ వేసే కెమెరా వేరు, రోడ్డు చూపే కెమెరా వేరు. ఒకే స్తంభం మీద రెండూ ఉండొచ్చు, ప్రజలకు ఇచ్చేది రెండోది మాత్రమే. దానికి నడిచే వీడియో కూడా అక్కర్లేదు. ఐదు నిమిషాలకు ఒక ఫొటో చాలు. అంత చిన్న ఫొటో సిగ్నల్ సరిగా లేని ఊళ్లో మామూలు ఫోన్‌లోనూ తెరుచుకుంటుంది. వరద రోజున కరెంటు పోతుంది కాబట్టి సోలార్ ప్యానెల్, బ్యాటరీ ఉండాలి.

రాష్ట్రమంతా ఒకేసారి పెట్టమని నేను అనను. ఎక్కడ అవసరమో మనకు ముందే తెలుసు. 2021 నవంబరులో పెన్నా వరదకు నెల్లూరు దగ్గర చెన్నై–కోల్‌కతా హైవే మీద రాకపోకలు ఆగిపోయిన చోటు తెలుసు. సంక్రాంతికి కిలోమీటర్ల కొద్దీ బండ్లు ఆగే పంతంగి టోల్‌ప్లాజా తెలుసు. శ్రీశైలం ఘాట్, పాడేరు ఘాట్ తెలుసు. ప్రతి జిల్లాలో ఏ వాగు ఏ కాజ్‌వే మీదికి వస్తుందో అక్కడి ఆర్టీసీ డ్రైవర్‌ని అడిగితే వేళ్ల మీద లెక్కపెట్టి చెబుతారు. ఆ జాబితాతోనే మొదలుపెట్టొచ్చు. హైవే కేంద్రానిది, కాజ్‌వే రాష్ట్రానిది, పంచాయతీ రోడ్డు ఇంకొకరిది అన్న తేడా ప్రయాణికుడికి తెలియాల్సిన పనిలేదు, ఆయనకు కావాల్సింది అన్నీ ఒక్కచోట కనిపించే మ్యాప్. కాలిఫోర్నియాలో నాకు దొరుకుతున్నది అదే.

మొదటి కెమెరా ఐతవరం దగ్గర పెట్టాలి. ఫ్రేములో హైవే, బ్రిడ్జి రెయిలింగ్, పక్కనే అడుగుల లెక్కన ఎర్రగీతలు వేసిన ఒక స్తంభం కనిపించాలి. మూలన ఊరి పేరు తెలుగులో, పక్కనే తేదీ, టైమ్ ఉండాలి. అప్పుడు నీళ్లు ఏ గీత దాకా వచ్చాయో మా బాబాయి సూర్యాపేటలో టీ తాగుతూ తన ఫోన్‌లో తనే చూసుకుంటారు, ఇక్కడి నుంచి నేనూ చూస్తాను.