పడవ లేనివాళ్ళకు దిక్కెవరు?

పడవ ఉన్నవాడికి పడవల పత్రికతో పనేముంది? వాడికి డీజిలు బిల్లుంది, రేవు అద్దె ఉంది, పడవ అడుగున అంటుకున్న గుల్లలు గీకించే పని ఉంది. పడవ గురించి తీరిగ్గా చదువుకునే అవసరం, ఓపిక, హక్కు పడవ లేనివాడివి. ఇంత చిన్న విషయం అర్థం చేసుకోకుండా దేశదేశాల్లో పడవల పత్రికలనూ మోటారు పత్రికలనూ వరసపెట్టి మూసేస్తున్నారు. చెన్నైలో ఇంతవరకూ దీని మీద ఒక్క సంతాపసభ జరగలేదు. టి. నగర్‌లో హాలు తీసుకుని, ముఖ్య అతిథిని పిలిచి, గంట ఆలస్యంగా మొదలుపెట్టి, ఉన్నవాళ్ళందరికీ శాలువాలు కప్పి పంపాల్సిన సందర్భమిది.

పత్రికలను సాగనంపడంలో ఈ ఊరి తెలుగువాళ్ళకున్న అనుభవం ఇంకెవరికీ లేదు. 1914లో ఆంధ్రపత్రిక బొంబాయి నుంచి మద్రాసుకొచ్చింది. 1924లో భారతి, 1938లో ఆంధ్రప్రభ, 1947లో చందమామ ఇక్కడే పుట్టాయి. వాటిలో కొన్ని ఊరు మారాయి, కొన్ని కన్నుమూశాయి. ప్రతిసారీ మనం "అయ్యో" అని, టీవీ సౌండ్ కాస్త తగ్గించి, మళ్ళీ పెంచుకున్నాం. అంత గుండె నిబ్బరం ఉన్నవాళ్ళం, కార్ల పత్రిక పోయిందంటే మాత్రం తట్టుకోలేకపోతున్నాం. సాహిత్యం పోతే మళ్ళీ రాసుకోవచ్చు. మధ్యపేజీలో ఎర్ర ఫెరారీ పోతే ఎవడు తెచ్చిస్తాడు?

అమెరికాలో 2019 డిసెంబరులో ఒకే కంపెనీ తన 22 మోటారు పత్రికల్లో 19 అచ్చు ఆపేస్తున్నామని ఒక్క దెబ్బకు ప్రకటించింది. మోటార్ ట్రెండ్, హాట్ రాడ్, ఫోర్ వీలర్ మాత్రం మిగిలాయి. పోయినవాటిలో ఒక్క మస్టాంగ్ కారు కోసమే నడిచిన మాసపత్రిక ఉంది, డీజిలు బండ్ల కోసం ఒకటుంది, పాత ట్రక్కులంటే ప్రాణం పెట్టేవాళ్ళ కోసం ఇంకొకటుంది. ఒకే బండి గురించి నెలనెలా, ఏళ్ళ తరబడి, చెప్పిందే చెప్పకుండా రాయడమంటే మాటలు కాదు. మనవాళ్ళలో అంత ఓపిక అల్లుడి గురించి చెప్పే అత్తగార్లకే ఉంది.

అసలు ఈ పత్రికల పుట్టుకే విచిత్రం. ఇంగ్లండులో 'ది ఆటోకార్' 1895లో మొదలైంది. అప్పటికి అక్కడి చట్టం ప్రకారం ఇంజనుతో నడిచే బండి ఊళ్ళో గంటకు 2 మైళ్ళు, ఊరి బయట 4 మైళ్ళు దాటకూడదు. పైగా బండికి ముందు ఒక మనిషి నడవాలి. మరుసటేడు చట్టం సడలించి 14 మైళ్ళ దాకా వదిలారు. అంటే కార్లు కదలడానికి వీల్లేని రోజుల్లో కార్ల పత్రిక పుట్టిందన్నమాట. సాయంత్రం ఆరున్నరకు ఓఎంఆర్ మీద షోళింగనల్లూరు సిగ్నల్ దగ్గర నిలబడి చూడండి. చట్టం అడక్కపోయినా ప్రతి కారు ముందూ పదిమంది నడుస్తుంటారు, కారు కంటే ముందే ఇల్లు చేరతారు. ఆ లెక్కన మోటారు పత్రికలకు ఇది స్వర్ణయుగం కావాలి. ఎందుకు కాలేదో పెద్దలు ఆలోచించాలి.

మన దేశంలో వీటికి మంచిరోజులు కాస్త ఆలస్యంగా వచ్చాయి. అంబాసిడర్, ఫియట్ రోజుల్లో పత్రిక ఎందుకు? ఏ కారు కొనాలో ఎవరూ అడిగేవారు కాదు, ఎప్పుడిస్తారో అడిగేవారు. 1998లో శ్రీపెరంబుదూరు నుంచి శాంత్రో రోడ్డెక్కింది. అదే ఏడాది ఓవర్‌డ్రైవ్, మర్నాటి ఏడాది ఆటోకార్ ఇండియా స్టాళ్ళలోకొచ్చాయి. కొనడానికి నాలుగు రకాలు ఉన్నప్పుడే కదా చదవడానికి నలభై పేజీలు కావాలి! తమిళంలో మోటార్ వికటన్ వస్తే, లిపి రాని మనవాళ్ళు బొమ్మలు చూసి, అంకెలు చదివి, మిగతాది ఊహించుకున్నారు. నిజానికి ఇంగ్లీషు పత్రికల్ని చదివిందీ అలాగే.

పడవల పత్రికల దారి వేరు. వాటికి ఇక్కడ ఏజెంటూ లేడు, చందాదారూ లేడు. 1985 మే నెలలో మూర్ మార్కెట్ తగలబడేదాకా అక్కడా, ఆ తర్వాత ట్రిప్లికేన్, లజ్ పేవ్‌మెంట్ల మీదా పాత విదేశీ పత్రికల గుట్టల్లో దొరికేవి. అమెరికా పడవల పత్రిక ఏదైనా సరే, చలి మొదలయ్యే ముందు సంచికలో ఒక వ్యాసం తప్పదు: పడవను చలికాలానికి సిద్ధం చేయడం ఎలా? ఇంజనులో మిగిలిన నీరు గడ్డకడితే ఉబ్బి, ఇనప బ్లాకునైనా పగలగొడుతుంది. కాబట్టి నీళ్ళు వంపేయాలి, యాంటీఫ్రీజ్ పట్టించాలి, పెట్రోలు పాడవకుండా మందు కలపాలి, పైన టార్పాలిన్ కప్పాలి. ఈ విద్యనంతా నంగనల్లూరులో, పశ్చిమ మాంబళంలో, ఫ్యాను అయిదు మీద పెట్టుకుని, బనీను పిండుకుంటూ నేర్చుకున్న తెలుగు గుమాస్తాలు ఉన్నారు. చెన్నై ఎప్పుడైనా మంచులో గడ్డకట్టుకుపోతే కాపాడేది వాళ్ళే. లంగరు తాడుకు వేసే బోలైన్ ముడి కూడా ఆ పుస్తకాల్లో చూసే నేర్చుకున్నారు. బాల్కనీలో బట్టలారేసే తాడు ఇప్పటికీ ఊడిరాకపోవడానికి కారణం అదే.

పత్రికల భాష గురించి కూడా రెండు మాటలు చెప్పాలి, అది పోతే మర్యాద అనేదే లోకంలో మిగలదు కనక. "ఇంజనుకు తనదైన వ్యక్తిత్వం ఉంది" అంటే స్టీరింగు పట్టుకున్న చెయ్యి వణుకుతుందని. "వెనక సీటు పిల్లలకు బాగుంటుంది" అంటే పెద్దవాళ్ళు మోకాళ్ళు ఇంట్లో పెట్టి రావాలని. "సస్పెన్షన్ కాస్త గట్టిగా ఉంది" అంటే వెన్నెముక డాక్టరు ఫోన్ నెంబరు దగ్గర పెట్టుకోమని. ఎడమ పేజీలో ఈ పరీక్ష, కుడి పేజీలో అదే కారు ప్రకటన. వియ్యంకుడి ముందు పెళ్ళికొడుకు గురించి మాట్లాడినట్టు ఎంత జాగ్రత్తగా రాసేవారో!

ఇక ఉత్తరాల శీర్షిక. "అయ్యా, నా బడ్జెట్ 5 లక్షలు. నెలకు 400 కిలోమీటర్లు తిరుగుతాను. ఈ రెండింటిలో ఏది కొనమంటారు?" సంపాదకుడు అర పేజీ ఆలోచించి, రెండూ మంచివేననీ ఒకసారి నడిపి చూసి నిర్ణయించుకోమనీ చెప్పేవాడు. ఆ జవాబు పట్టుకుని పాఠకుడు ఇంట్లో చర్చ పెడతాడు. టార్కు, వీల్‌బేస్, గ్రౌండ్ క్లియరెన్స్ అన్నీ వివరిస్తాడు. నాన్నగారు అంతా విని "మైలేజీ ఎంతిస్తుంది?" అంటారు. అమ్మ "తెల్లరంగు ఉందా?" అంటుంది. చివరికి నెల్లూరు నుంచి బావగారు ఫోన్ చేసి, తను కొన్నదే కొనమంటారు. అదే కొంటారు. తర్వాత నెల కూడా పాఠకుడు పత్రిక తెప్పిస్తూనే ఉంటాడు. కొనాల్సిన కారు కోసం కాదు కదా చదివేది!

ఈ సంగతి పత్రికల యజమానుల కంటే కేంద్ర ప్రభుత్వానికే బాగా తెలుసు. 2025 సెప్టెంబరు 22 నుంచి విహారానికి వాడే యాట్ల మీద జీఎస్టీ 40 శాతం. పెద్ద కార్లకూ అంతే, 350 సీసీ దాటిన మోటారు సైకిళ్ళకూ అంతే. తియ్యటి కూల్‌డ్రింకులు కూడా వాటి పక్కనే ఉన్నాయి. పత్రిక మీద జీఎస్టీ మాత్రం సున్నా. యాట్ కొంటే నూటికి నలభై, యాట్ బొమ్మ చూస్తే ఏమీ లేదు. పడవ లేనివాడి మీద ఏ ప్రభుత్వమూ ఇంత దయ చూపించలేదు. (ఆ దయకు ముందు 2019 బడ్జెట్లో దిగుమతి న్యూస్‌ప్రింటుకూ, పత్రికల నున్నటి కాగితానికీ 10 శాతం సుంకం వేసి, మరుసటేడు 5కి తగ్గించారనుకోండి. అది కాగితం వాళ్ళ బాధ, చదివేవాళ్ళది కాదు.) పన్ను లేని ఈ ఒక్క సుఖాన్నీ పాఠకులే వదిలేసుకున్నారు.

వదిలేసి ఎక్కడికి పోయారు? ఫోనులోకి. అక్కడ ఒక కుర్రాడు షోరూం బయట నిలబడి "హాయ్ ఫ్రెండ్స్" అంటాడు. డోరు తీస్తాడు, వేస్తాడు. "సౌండ్ చూశారా ఫ్రెండ్స్" అంటాడు. డిక్కీ తీస్తాడు. పది నిమిషాలు గడిచాక ఇంజను గురించి ఇంకో వీడియోలో చెప్తానంటాడు. ప్రకటనలన్నీ అటే పోయాయి, కంపెనీల ఆహ్వానాలూ అటే పోయాయి. ఆ కుర్రాణ్ణి తప్పు పట్టను. అతనికీ ఆ కారు లేదు, చూసేవాళ్ళకూ లేదు, సంప్రదాయం కొనసాగుతోంది. కానీ ఆ వీడియోను చించి బీరువా తలుపుకు అంటించగలమా? హెయిర్ కటింగ్ షాపులో మన వంతు వచ్చేదాకా, ముందున్నవాడు చింపుకుపోయిన పేజీలో ఏముందో ఊహించుకోగలమా?

పాత పేపర్ల కొట్టువాడు కూడా వీటిని గౌరవించలేదు. నున్నటి కాగితానికి మట్టిపూత ఉంటుంది కాబట్టి బరువు బాగానే తూగుతుంది, కానీ నూనె పీల్చదు, బజ్జీలకు పనికిరాదు. అచ్చుకాగితంలో తిండి కట్టొద్దని ఆహార భద్రతా సంస్థ 2016లోనే చెప్పింది. ఆ మాటను మొదటినుంచీ పాటించినవి ఒక్క మోటారు పత్రికలే.

ఇప్పుడు చెన్నై విషయానికొద్దాం. తూర్పున సముద్రం, ఊరి మధ్య రెండు నదులు, అడ్డంగా ఒక కాలువ. ఇన్ని నీళ్ళున్న ఊళ్ళో పడవ లేనివాడు అనేవాడే ఉండకూడదు. మద్రాస్ బోట్ క్లబ్ 1867 నాటిది, రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ 1911 నాటిది. బోట్ క్లబ్ రోడ్డులో నిలబడితే మాత్రం బెంజ్‌లే కనిపిస్తాయి. బకింగ్‌హాం కాలువ మీద ఒకప్పుడు నెల్లూరు వైపు నుంచి బియ్యం, కట్టెలు పడవల్లో దిగేవి. 2008లో దాన్ని జాతీయ జలమార్గం-4లో చేర్చారు. అప్పటికే ఊళ్ళో దాని నడుమ ఎత్తు రైలు స్తంభాలు దిగి ఉన్నాయి, ఇప్పుడు ఆ జలమార్గంలో దోమలు మాత్రం నిరాటంకంగా ప్రయాణిస్తున్నాయి.

నిజమైన మోటారు పడవలు కావాలంటే చేపల రేవు కాశిమేడు వెళ్ళాలి. అక్కడి మర పడవల్లో చాలావాటికి అశోక్ లేలాండ్ ఇంజన్లు. పక్కనే ఎన్నూరులో ఆ కంపెనీ మొదలైంది. లారీకి పెట్టాల్సిన గుండెను పడవకు పెట్టి సముద్రం మీదికి తోలుతున్నారు. ఆ పడవల మీద పనిచేసేవాళ్ళలో మన శ్రీకాకుళం వాళ్ళు బోలెడుమంది. ఇంజను దగ్గు విని జబ్బేమిటో చెప్పగలవాళ్ళు. పడవల పత్రిక చదువుతారా అని వాళ్ళను అడిగి చూడండి. "నడి సంద్రంలో ఇంజను ఆగిపోతే నీ పుస్తకం లాక్కొస్తాదేటి బాబూ" అంటారు. ఇన్నేళ్ళలో ఏ పడవల పత్రికా వాళ్ళ ఫోటో అట్టమీద వేయలేదు. తెల్లబట్టలు, నల్లకళ్ళద్దాలు లేవు కదా, చూడ్డానికి పడవ ఉన్నవాళ్ళలా ఉండరు.

అందుచేత నా ప్రతిపాదన. చెన్నై నుంచి తెలుగులో ఒక పడవ-మోటారు పత్రిక రావాలి. ఏడాదికి రెండు సంచికలు చాలు. మొదటిది ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే తూర్పు తీరంలో చేపలవేట నిషేధించే 61 రోజుల్లో. అప్పుడైతే కాశిమేడు వాళ్ళు ఒడ్డున ఉంటారు, పడవలు మరమ్మతులో ఉంటాయి, వ్యాసాలు వాళ్ళచేతే రాయించవచ్చు. రెండోది డిసెంబరు ప్రత్యేక సంచిక. ఆ నెలలో ఈ ఊరు పడవకూ కారుకూ తేడా చూపించదు. 2015 డిసెంబరులో, 2023 డిసెంబరులో వరదలొచ్చి వీధుల్లో పడవలు తిరిగాయి. కార్లేమో వేళచ్చేరి ఫ్లైఓవరు మీద బారులు తీరి నిలబడ్డాయి. ప్రపంచంలో ఏ మోటారు పత్రికా రాయని రోడ్ టెస్టులు మనం రాయొచ్చు. వేళచ్చేరి మెయిన్ రోడ్డు మీద ఫైబర్ పడవకు ఎంత నీటి లోతు కావాలి, స్పీడ్‌బ్రేకరు దగ్గర పడవ వెనక తగిలించే ఔట్‌బోర్డ్ మోటారు ఎత్తాలా వద్దా, ఫ్లైఓవరు మీద నీడ ఏ పక్కన పడుతుంది, కిందికి దించడానికి సరైన ముహూర్తం ఏది. అచ్చు వేసే కాగితం మాత్రం నున్నటిదే వాడాలి, తడిసినా తుడుచుకోవచ్చు.

ఉత్తరాల శీర్షికకు మొదటి ప్రశ్న ఇప్పటికే సిద్ధం: "అయ్యా, నా బడ్జెట్ 8 లక్షలు. నాకు ఏడాదిలో పదకొండు నెలలు కారు, ఒక నెల పడవ కావాలి. ఏది కొనమంటారు?"

జవాబు: రెండూ మంచివే. ఎందుకైనా మంచిది, మీ బావగారిని ఒకమాట అడగండి.